పళ్ళాయన చెట్టుకి మూడో కర్ర

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. జేబులో లైబ్రరీ కార్డు ఉంటే మనిషికి రాని పని ఉండదని. ఈత రాకపోయినా ఈత మీద రెండు పుస్తకాలు చదివాను కాబట్టి సగం వచ్చినట్టే అనుకునేవాణ్ణి. (మిగతా సగం నీళ్ళలో దిగితే దానంతటదే వస్తుందని పుస్తకంలోనే ఉంది.) ఆ నమ్మకమే ఒక అక్టోబరు పొద్దున జార్జియా అడవిలో ఒక ఓక్ చెట్టుకి, నేల నుంచి నిలువున్నర ఎత్తున, నన్ను గోడకి బల్లిని అతికించినట్టు అతికించింది. ఇన్నేళ్ళు దాన్ని నవ్వుకోవడానికే వాడుకున్నాం కానీ రాసిపెట్టాలని తోచలేదు. మొన్న అక్క కూతురు తన స్నేహితురాళ్ళకి ఆ కథ చెబుతుంటే చాటుగా విన్నాను. "మామయ్యని డీర్ చేజ్ చేసింది. అప్పుడు మామయ్య ట్రీ ఎక్కేసి, డీర్ గో అవే అయ్యేదాకా హెల్ప్ హెల్ప్ అన్నాడు," అంటోంది. బావ చెప్పే కథలో ఫైరింజన్ వస్తుంది. (రాలేదు.) తెనాలి చుట్టాల వాట్సాప్ గ్రూపులో అయితే నేను ఏకంగా ఎలుగుబంటి వేటకే వెళ్ళాను. నా పరువు సంగతి సరే, అది ఎప్పుడో చెట్టు మీదే వదిలేశాను. కానీ ఈ కథల్లో ఆ రోజు నాకు మేలు చేసినవాళ్ళు ఒక్కొక్కరే మాయమైపోతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నేను అదే జార్జియాలో కమ్మింగ్ అనే ఊళ్ళో అక్కావాళ్ళ బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. మాస్టర్స్ అయింది, ఒక కన్సల్టింగ్ కంపెనీ చేర్చుకుంది, ప్రాజెక్టు మాత్రం రాలేదు. దీన్ని బెంచ్ మీద ఉండడం అంటారు. నా విషయంలో అది నిజంగానే బెంచీ, ఊరి లైబ్రరీలో కిటికీ పక్కన ఉండేది. తిండి అక్కది, ఇంటర్నెట్ బావది, విసుగు ఒక్కటే నాది. ఆ విసుగు పోగొట్టుకోవడానికి తేనెటీగల పెంపకం నుంచి వంతెనల నిర్మాణం దాకా వరసపెట్టి చదివాను. "మీ తమ్ముడు దోసె తినే ముందు కూడా విషయసూచిక ఎక్కడుందని చూస్తాడు," అని బావ అక్కతో అనేవాడు. ఆ ఏడాది అక్క అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చి ఉన్నారు. నాకు అత్తయ్య. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ వీధి వీధంతా ఆవిడకి తెలుసు. ఎదురింటి కుక్కకి ఏ మందు వేస్తున్నారో కూడా తెలుసు.

పక్కింట్లో ఒక రిటైరైన దంతవైద్యుడు ఉండేవాడు. పొడుగ్గా, ఎండలో ఎర్రబడ్డ మొహంతో, ఎవరు కనబడినా ముందు నోటి వంక చూసి తర్వాత కళ్ళలోకి చూసే మనిషి. అత్తయ్య ఆయనకి 'పళ్ళాయన' అని పేరు పెట్టింది. మేమూ అదే ఖాయం చేసుకున్నాం. నాకు కారు నేర్పింది ఆయనే. బావకి నేర్పే ఓపిక లేదు, అక్కకి నేర్పే ధైర్యం లేదు. ఆయన తన పాత పికప్ ట్రక్కులో నన్ను ఆదివారం సాయంత్రాలు చర్చి పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి, "బ్రేక్ మీద కాలూ, చిగుళ్ళ మీద బ్రష్షూ ఒకటే. మెత్తగా," అని చెప్పేవాడు. (ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. నా చేతిలో పడి తెలుగైంది.) రెండుసార్లు టెస్టు తప్పాను. రెండుసార్లూ తిరుగుదారిలో నాకు ఐస్‌క్రీం కొనిపెట్టాడు. మూడోసారి పాసైతే తనే కొనుక్కుతిన్నాడు.

అలాంటి మనిషి సెప్టెంబరులో ఒకరోజు కంచె దగ్గర దిగాలుగా నిలబడి ఉన్నాడు. వేసవిలో భుజానికి ఆపరేషన్ అయింది. అక్క పలకరిస్తే చెప్పాడు. ఉత్తరాన కొండల దగ్గర వాళ్ళ కుటుంబానికి కొంత అడవి భూమి ఉంది. అందులో ఒక ఓక్ చెట్టు ఉంది. వాళ్ళ నాన్నతో మొదలుపెట్టి ఇప్పటిదాకా ప్రతి అక్టోబరులోనూ ఆ చెట్టుకి నాలుగు ఎక్కుడు కర్రలు కట్టి, పైన చిన్న పీట బిగించి, తెల్లవారకముందే ఎక్కి కూర్చుంటాడు. జింకల వేట. ఇప్పుడు చెట్టు ఎక్కడానికి డాక్టరు ఒప్పుకున్నాడు, కానీ తల పైకి చేతులెత్తి పట్టీలు బిగించి లాగే పని మాత్రం కుదరదన్నాడు.

"ఎవరినైనా పెట్టుకుని కట్టించుకోకూడదా?" అంది అక్క.

"ఎవరు కట్టారో తెలియని కర్ర మీద నేను కాలు పెట్టను. ఈ ఏడాదికి చెట్టు లేదనుకుంటాను. అక్కడ కూర్చోకపోతే నాకు అక్టోబరు వచ్చినట్టే ఉండదు. అంతే."

ఆ 'అంతే' అన్నప్పుడు ఆయన మా ఇద్దరి పళ్ళ వంకా చూడలేదు. నేలకేసి చూశాడు. నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది. "నేను కడతాను," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వెప్పుడైనా చెట్టెక్కావా?"

"లేదు. చదువుతాను."

అక్క తల పట్టుకుంది. పళ్ళాయన మాత్రం నవ్వలేదు. "సరే. నువ్వు కట్టు. కట్టినదాని మీద ముందు నువ్వెక్కి చూపించు. తర్వాత నేనెక్కుతాను," అన్నాడు. ఆ రాత్రి నాకు అర్థమైంది ఏమిటంటే, అంతవరకూ నేను చదివిన పుస్తకాల మీద ఎవరూ కాలు పెట్టి నిలబడలేదు. ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి, ఒక భుజం సరిగా లేని మనిషి, నా చదువు మీద తన బరువంతా వేయబోతున్నాడు.

ఇంట్లో మాది ముక్క ముట్టని వంశం. సంగతి తెలియగానే అత్తయ్య చదువుతున్న విష్ణు సహస్రనామం ఆపేసింది.

"ఏవిటీ, జింకని చంపడానికి నువ్వు నిచ్చెన వేస్తావా?"

"నేను నిచ్చెన వేస్తానంతే అత్తయ్యా. ఎక్కేది ఆయన, కొట్టేది ఆయన."

"ఆహా. నేను దున్నపోతుని తోలేవాణ్ణి మాత్రమేనని యముడు కూడా అంటాడు."

బావ పగలబడి నవ్వాడు. కానీ అత్తయ్య తనే సర్దుకుంది. "పోనీలే. కారు నేర్పిన గురువు. ఆయన తిండి ఆయనది. నిచ్చెన పాపం ఏం చేసింది? గట్టిగా కట్టు, పెద్దాయన పడిపోతాడు," అంది. ఆవిడ ధర్మశాస్త్రంలో ప్రతి గదికీ ఒక పెరటి తలుపు ఉండేది.

లైబ్రరీలో నాకు తోడు అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ. మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతుండేది. కళ్ళజోడమ్మ అనుకునేవాణ్ణి మనసులో. నేను వేట పుస్తకాలు అడిగేసరికి ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ నన్ను చూసింది. "పోయిన నెల తేనెటీగలు కదా నువ్వు?" అంది. విషయం చెప్పాను. వెంటనే లేచి, చెట్లెక్కే పద్ధతుల మీదా, తాళ్ళ మీదా, ముళ్ళ మీదా ఉన్నవన్నీ నా బెంచీ మీదికి చేర్చి, "ఇంకొకటి వేరే కౌంటీ లైబ్రరీలో ఉంది. తెప్పిస్తాను. అప్పటిదాకా చెట్టెక్కనని నాకు మాటివ్వు," అని మాట తీసుకుంది. ఆ పై కౌంటీ పుస్తకమే నా ప్రాణం కాపాడిందని ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో దాచి పెట్టాల్సినంత గుట్టు ఏమీ లేదు.

ఎక్కుడు కర్ర అంటే మన వెదురు కర్ర కాదు. చేతికర్ర పొడుగున్న అల్యూమినియం గొట్టం. పైనా కిందా పాదం ఆనడానికి మెట్లుంటాయి. వెనకవైపు చెట్టు బెరడులో గుచ్చుకునే పళ్ళుంటాయి. నడుమ ఒక పట్టీ. దాన్ని చెట్టు చుట్టూ తిప్పి, ఇటువైపు బకిల్‌లో దూర్చి లాగితే, బకిల్ లోపలి పళ్ళు పట్టీని కరిచిపట్టుకుంటాయి. ఇలాంటివి ఒకదానిపైన ఒకటి కట్టుకుంటూ, కట్టినదాని మీద నిలబడి తర్వాతది కట్టుకుంటూ పోవాలి. బావ దాన్ని 'ముక్కలు చేసిన నిచ్చెన' అన్నాడు. అంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. చెట్టు బతికున్నదై ఉండాలి, నిటారుగా ఉండాలి. బెరడు పెచ్చులూడేది పనికిరాదు. పట్టీ మెలిక పడకూడదు. ముందు కొంచెం బిగించి, కర్రని కిందికి అదిమి పళ్ళు గుచ్చుకున్నాక మళ్ళీ బిగించాలి. మిగిలిన పట్టీ కొసని వదిలేయకుండా ముడి వేయాలి. ఒంటికి తాళ్ళ చొక్కా (హార్నెస్ అంటారు) తొడుక్కుని, నడుముకి ఇరువైపులా కట్టిన తాడు చెట్టు చుట్టూ తిప్పుకుని ఉండాలి, అదీ నేల మీద మొదటి అడుగు నుంచే. ఈ ముడీ, ఈ తాడూ పై కౌంటీ పుస్తకం చెప్పినవే. తుపాకీతో ఎక్కకూడదు. గుళ్ళు తీసేసి, పైకెక్కాక తాడుతో లాక్కోవాలి. ఇవన్నీ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేవి. ఎవరూ అడగకపోతే నేనే లేపి చెప్పేవాణ్ణి.

ఆ పుస్తకం వచ్చాక సాధన మా పెరట్లో పైన్ చెట్టు మీద. మొదటి కర్ర నేలకి అడుగు ఎత్తున కట్టి, దాని మీద నిలబడ్డాను, ఒంటి నిండా తాళ్ళతో. బావ వీడియో తీశాడు.

"ఏరా బామ్మర్దీ, అంత హైట్ నుంచి పడితే పారాచూట్ కూడా కావాలేమో?"

"నేల దగ్గర తొడుక్కోనివాడు పైన తొడుక్కోడని పుస్తకంలో ఉంది బావా."

"కింద మేం పరుపు కూడా వేస్తాం, ఉండు," అని అక్కని కేకేశాడు. అక్క నిజంగానే పరుపు తెచ్చేదే. అత్తయ్య మాత్రం డెక్ మీద కుర్చీ వేసుకుని, చేతిలో గోరుచిక్కుళ్ళు తుంచుతూ, "కొంచెం ఎడమకి వాలింది నాయనా," అని సరిగ్గా చెప్పింది. వాలింది నిజమే.

ఇంకో చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ పై కౌంటీ పుస్తకం రాగానే, రాత్రి భోజనాల దగ్గర నాకు నచ్చిన పేజీలు బయటికి చదివి వినిపించేవాణ్ణి. పట్టీలకీ, బకిళ్ళ పళ్ళకీ నూనె గానీ గ్రీజు గానీ తగలనివ్వకూడదన్న పేజీ కూడా చదివాను. బావ ఫోన్ చూసుకుంటున్నాడు. అక్క పిల్లకి అన్నం పెడుతోంది. శ్రద్ధగా విన్నది అత్తయ్య ఒక్కతే. చదవడం అయిపోయాక, "చక్కగా చదివావు నాయనా," అంది. నేను పొంగిపోయాను. చదివింది ఇంగ్లీషులో కదా అన్న సంగతి నాకు తట్టనే లేదు.

దసరా వచ్చింది. అత్తయ్యకి ఆయుధపూజ అంటే మామూలు పండుగ కాదు. తెనాలిలో ఆవిడ కుట్టుమిషను మీద ముప్ఫై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. ప్రతి దసరాకీ మిషను విప్పి తుడిచి, చక్రానికీ సూది పట్టెకీ నూనె వేసి, బొట్లు పెట్టి, ఆ రోజు పొరుగువాళ్ళు బతిమాలినా దాన్ని కదపనిచ్చేది కాదు. కమ్మింగ్‌లో మిషను లేకపోయేసరికి ఆ భక్తి అంతా మా ఇంటి సామాన్ల మీద పడింది. రెండు కార్లకీ బొట్లు. వాక్యూమ్ క్లీనర్‌కి బంతిపూల దండ. నా లాప్‌టాప్‌కి గంధం. (స్పేస్ బార్ ఇప్పటికీ అతుక్కుంటుంది.) గరాజ్‌లో పెట్టిన పళ్ళాయన కర్రలు కూడా తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది. పూజకి ముందు నన్ను పిలిచి అడిగింది.

"ఆయన గోత్రం ఏవిటి?"

"ఆయనకి గోత్రం ఉండదు అత్తయ్యా."

"లేకపోవడమేం? ఎవరికీ పుట్టకుండానే పుట్టాడా? తెలియదని చెప్పు. తెలియనివాళ్ళందరికీ కాశ్యప గోత్రం."

అలా ఆ పొద్దున జార్జియా దంతవైద్యుడొకడు కాశ్యప గోత్రోద్భవుడై, ఆయన పేరు నోరు తిరక్క 'పళ్ళాయన నామధేయస్య' అయి, క్షేమ స్థైర్య విజయాల కోసం సంకల్పం చెప్పించుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచి ఉంటే బాగుండేది.

ఆ శనివారం పొద్దున్నే ట్రక్కులో బయల్దేరాం, పళ్ళాయనా నేనూ. పైన కట్టే పీట, కర్రలు, తాళ్ళు, అక్క ఇచ్చిన పులిహోర. చెట్టు చూడగానే ఆయన దాని మొదట్లో చెయ్యి వేసి నిలబడ్డాడు, పాత పేషెంటు భుజం తట్టినట్టు. నేను చెట్టు చుట్టూ తిరిగి బెరడు నొక్కి చూశాను, పైకి చూశాను, వాలు చూశాను. "పుస్తకం ఏమంటోంది?" అన్నాడు. "మంచి చెట్టంటోంది," అన్నాను. "మా నాన్నా అదే అన్నాడు," అన్నాడు.

మొదటి కర్ర కట్టాను. ఎక్కి, గెంతి చూశాను. కదల్లేదు. రెండోదీ అంతే. దాని మీద నిలబడి మూడోది కట్టాను. అదిమాను, బిగించాను, కొస ముడి వేశాను. ఒక కాలితో తొక్కి చూశాను, నిలబడింది. కింద నుంచి పళ్ళాయన, "బాగుంది. పళ్ళు బాగా దిగాయి," అన్నాడు. ఆ మెచ్చుకోలుకి నాకు ఎంత సంతోషం వేసిందంటే రెండో కాలు కూడా ఠీవిగా ఎత్తి పెట్టాను. అప్పుడు కర్ర ఆలోచించుకుంది. ముందు ఒక చిన్న చప్పుడు. తర్వాత పట్టీ, ఎవరో నెమ్మదిగా జడ విప్పుతున్నట్టు, బకిల్‌లోంచి జారింది. నేను వేసిన ముడి బకిల్‌కి తట్టుకుని ఆగేలోపు జానెడు జారింది. ఆ జానెడులో కర్ర పక్కకి ఒరిగిపోయింది, నా కాళ్ళు రెండూ గాలిలోకి వెళ్ళిపోయాయి, నడుము తాడు చెట్టుని పట్టుకుంది, నేను చెట్టుని పట్టుకున్నాను. చెంప బెరడుకి. కళ్ళ ముందు ఒక చీమ. దానికి తొందర పని ఉన్నట్టుంది, నా ముక్కు మీదుగా దారి చూసుకుని వెళ్ళింది. నేను అప్పుడు నోరు తెరిచి ఏదో అరుస్తున్నాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. 'అత్తయ్యా' అని అరిచానని పళ్ళాయన సాక్ష్యం.

ఆయన భుజం మంచిదై ఉంటే ఎగబాకి వచ్చి నన్ను దింపేవాడే. మెట్లెక్కగలడు కానీ ఆ భుజంతో నన్ను పట్టి దింపలేడు. కింద నిలబడి, భయపడ్డవాళ్ళతో నలభై ఏళ్ళు మాట్లాడిన గొంతుతో, "జీవితమంతా నోరు తెరవమని చెప్పాను. నువ్వు మాత్రం మూసుకో. ముక్కుతో గాలి పీల్చు," అన్నాడు. పీల్చాను. "నిన్నెవరు పట్టుకున్నారు?" అన్నాడు. "తాడు," అన్నాను. "అది పట్టుకున్నాక నీకేం పని? చేతులు వదులు చెయ్యి. ఇప్పుడు కుడికాలు కిందికి. ఇంకొంచెం. ఎడమకి. అదిగో, రెండో కర్ర అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు." పాదం కింద ఆ మెట్టు తగిలినప్పుడు కలిగిన సుఖం నాకు మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

కిందికి దిగి కూలబడ్డాను. ఆయన మూడో కర్ర ముడి విప్పించి (అంటే నా చేత మళ్ళీ ఎక్కించి, రెండో దాని మీద నుంచే విప్పించి) కిందికి దింపించాడు. పట్టీని వేళ్ళ మధ్య రాసి, వాసన చూశాడు. "నీ పుస్తకంలో సలాడ్ మీద చల్లే నూనె సంగతి కూడా ఉందా?" అన్నాడు. నేనూ వాసన చూశాను. నువ్వులనూనె. మా ఇంట్లో ఆవకాయలో పడే నువ్వులనూనె. బకిల్ తెరిచి చూస్తే పళ్ళ మధ్య పసుపు, కుంకుమ, నూనె కలిసి ముద్దయి ఉన్నాయి. మిగతా మూడింటికీ పొడి పసుపే ఉంది. (ఇంటికి వెళ్ళాక, జారిన సంగతి చెప్పకుండా అత్తయ్యని అడిగితే తేలింది. ఆవిడ బకిళ్ళన్నీ ఆడించి చూస్తుంటే ఆ ఒక్కటి మాత్రం కిర్రుమందిట. మిషనుకి వేసినట్టు నాలుగు చుక్కలు వేసి, పట్టీని అటూ ఇటూ లాగి, మెత్తబడిందని సంతోషించిందిట.)

ఇప్పుడు ఆయనకి ఏం చెప్పను? ఆయుధపూజని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఏ కౌంటీ పుస్తకంలోనూ లేదు. తడబడుతూ చెప్పాను. పనిముట్టుకి ఏడాదికొకసారి కృతజ్ఞత చెబుతామని, మిషనుకీ కారుకీ చీపురుకీ కూడా చెబుతామని, అత్తయ్య ఆయన పేరు మీద సంకల్పం చెప్పించిందని, గోత్రం కూడా ఇచ్చిందని. కోపం వస్తుందనుకున్నాను. వస్తే న్యాయమే. ఆ కర్ర మీద నా తర్వాత ఎక్కవలసింది ఆయన, తాడు ఆపినా ఆ భుజం తట్టుకునేది కాదు. ఆయన బకిల్‌ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు.

"ఆవిడ నాకోసం ప్రార్థన చేసిందా? ఇంటి మనిషిలా?"

"అవును."

"నలభై ఏళ్ళు ప్రాక్టీస్ చేశాను. నా డ్రిల్లుకి ఒక్కరూ పువ్వు పెట్టలేదు," అన్నాడు.

తర్వాత లేచి ట్రక్కులోంచి ఒక టూత్‌బ్రష్, పేస్టు తీశాడు. (దంతవైద్యుడి బండిలో అవి లేకపోతేనే ఆశ్చర్యం.) చెట్టు మొదట్లో కూర్చుని, వాటర్ బాటిల్ దగ్గర పెట్టుకుని, బకిల్ పళ్ళు తోమడం మొదలుపెట్టాడు. నూనె ముద్ద పోయేదాకా తోమాడు, కడిగాడు, వెలుగులో పెట్టి చూశాడు, మళ్ళీ తోమాడు. "వెనక పళ్ళు ఎవరూ సరిగ్గా తోమరు," అని గొణిగాడు. పాత పట్టీ తీసేసి, తన పెట్టెలో ఉన్న కొత్త పట్టీ ఎక్కించాడు. కర్ర నా చేతికిచ్చాడు. ఇక మాట అనవలసింది నేనే అని నాకు తెలుసు. ఇంటికి పోదామని నేనంటే ఆయన మారుమాట లేకుండా ట్రక్కు తీసేవాడు, ఆ ఏడాదికి అక్టోబరు లేకుండా పోయేది. ముందు పులిహోర తిందామన్నాను. తిన్నాం. ఆయన మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు చూసి నాకు ధైర్యం వచ్చింది, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. లేచి తాడు చెట్టు చుట్టూ తిప్పుకున్నాను.

ఈసారి మూడో కర్రని తొక్కి చూశాను, గెంతి చూశాను, దాని మీద నిలబడి విష్ణు సహస్రనామంలో నాకు వచ్చిన నాలుగు నామాలూ చదివాను. కదల్లేదు. నాలుగోది కట్టాను. పీట లాక్కుని బిగించాను. కిందికి దిగాను. అప్పుడు పళ్ళాయన తన తాడు తగిలించుకుని, నెమ్మదిగా, ఒక్కో మెట్టూ పలకరిస్తున్నట్టు ఎక్కాడు. మూడో కర్ర దగ్గర ఆగాడు. రెండు పాదాలూ దాని మీద పెట్టాడు. ఆయన కిందికి చూసి, "పిప్పి లేదు," అన్నాడు. పైకి వెళ్ళి పీట మీద కూర్చుని టోపీ తీసేసి కొండలకేసి చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపటికీ దిగలేదు. నేను పిలవలేదు. మర్నాడు తెల్లవారకముందే ఒక్కడే వెళ్ళాడు. వేటలో ఏమైందో నేను అడగలేదు, ఆయనా మా ఇంటి సంగతి ఎరిగి చెప్పలేదు. వారం తర్వాత మాత్రం ఆ భూమిలో కాసిన, అక్రోట్ల లాంటి పీకన్ కాయలు ఒక బుట్టెడు తెచ్చి, అత్తయ్య చేతికిచ్చి, చేతులు జోడించి, "కాశ్యప," అన్నాడు.

నూనె సంగతి ఆవిడకి చెప్పకూడదని నేనూ ఆయనా ట్రక్కులోనే ఒట్టు పెట్టుకున్నాం. పీకన్ కాయలొచ్చిన రోజు పొద్దున అక్కకి మాత్రం చెప్పాను, తన కడుపులో ఆ రహస్యం సాయంత్రం దాకా కూడా ఆగలేదు. నేను బేస్‌మెంట్‌లోంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అత్తయ్య పీకన్ కాయలు ఒలుస్తోంది. బాధపడుతుందేమోనని, "మీ తప్పేం లేదత్తయ్యా, నేను తెలుగులో చెప్పాల్సింది," అన్నాను. ఆవిడ తలెత్తలేదు.

"నూనె వెయ్యబట్టి జారావు. పూజ చెయ్యబట్టి బతికావు. రెండూ నేనే చేశాను కదా, ఇంకెవరు చెయ్యాలి నీకు?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. ఇప్పటికీ వెతుకుతున్నాను.

తర్వాత నాకు ప్రాజెక్టు వచ్చింది, ఉత్తరాన దూరంగా పార్సిప్పనీ అనే ఊరు వెళ్ళాను, పెళ్ళయింది, తిరిగి కమ్మింగ్ చేరాను. ఎక్కడున్నా అక్టోబరులో ఒక శనివారం మాత్రం ఆ చెట్టుకి ఇచ్చేశాను. పళ్ళాయన వయసు పెరిగే కొద్దీ పీట కిందికి దిగుతూ వచ్చింది. నాలుగు కర్రలు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. పోయిన అక్టోబరులో ఒక్కటే కట్టాను. నేలకి అడుగు ఎత్తున. దాని మీద నుంచి ఆయన చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాను. కట్టేటప్పుడు నేను తాళ్ళ చొక్కా తొడుక్కునే ఉన్నాను, పొట్ట దగ్గర కొంచెం పట్టేసింది. "అంత ఎత్తు నుంచి పడతావా?" అన్నాడు ఆయన. "నేల దగ్గర తొడుక్కోనివాడు పైన తొడుక్కోడు," అన్నాను. "ఇక పైన అనేది లేదు కదా," అన్నాడు నవ్వుతూ. నేను కొస ముడి ఇంకొకటి వేసి, ఏదో పనున్నట్టు బెరడుకేసి చూస్తూ ఉండిపోయాను.

ఇక నేను మరిచిపోయేలోపు, పిల్లలు మార్చేసేలోపు, కృతజ్ఞతలు. వేరే కౌంటీ నుంచి పుస్తకం తెప్పించి, అది వచ్చేదాకా చెట్టెక్కనని మాట తీసుకున్న కళ్ళజోడమ్మకి. పరుపు తేవడానికి సిద్ధపడ్డ అక్కకి, ఆవిడ పులిహోరకి. ఆ వీడియో ఇప్పటికీ చెరపకుండా ఉంచిన బావకి, అందులో పడిపోకుండా నిలబడ్డ నేను ఇంకా ఉన్నాను కాబట్టి. బెరడులో పళ్ళు దిగనిచ్చి, కోపగించుకోకుండా నన్ను పట్టుకున్న ఆ ఓక్ చెట్టుకి. కాశ్యప గోత్రోద్భవుడైన పళ్ళాయనకి, బ్రేకుకీ చెట్టుకీ భయానికీ కూడా మెత్తగానే కాలు ఆనించాలని నేర్పినందుకు. జార్చిన చేతికీ, కాచిన చేతికీ, అంటే రెండూ తనవే అయిన అత్తయ్యకి. ఆరు నెలలకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఆవిడ ఇప్పటికీ దసరా పొద్దున ఆ కర్రలకి బొట్లు పెడుతుంది. నేను పక్కనే కూర్చుని బకిళ్ళ మీద చెయ్యి అడ్డం పెడతాను. "కిర్రుమంటోందేమో చూడు," అంటుంది. "కిర్రుమననీయండి అత్తయ్యా," అంటాను, తెలుగులోనే.

చివరగా, ఈత సగం వచ్చనుకున్న ఆ బక్కపలచని కుర్రవాడికి. చెట్టెక్కావా అంటే చదువుతాను అన్నాడు వాడు. ఇవాళ నన్నెవరైనా ఆ ప్రశ్న అడిగితే, రాదని మర్యాదగా చెప్పి తప్పుకునేంత తెలివి నాకొచ్చింది. వాడికి అది లేకపోవడం ఎంత మంచిదైందో.